తగ్గింది కొవ్వా, కండా?

రంజాన్ నెలవంక కనిపించే రోజులు దగ్గర పడ్డాయంటే చాలు, మన యువకుల మాటల్లో ఇంకో లెక్క కూడా వినిపిస్తుంది. ఈ నెల రోజుల్లో పొట్ట కరిగించాలి, ఈద్ నాటికి షేర్వాణీ ఒంటికి అతికినట్టు ఉండాలి అని. ఉపవాసాల పరమార్థం దైవభీతేగాని నడుము కొలత కాదని పెద్దలు చెబుతూనే ఉన్నారు. ఆ మాట నూటికి నూరుపాళ్లూ నిజం. అయినా పగలంతా అన్నపానీయాలు మానిన శరీరంలో ఏదో ఒక మార్పు రాక తప్పదు. వచ్చే మార్పు మేలు చేసేదిగా ఉండాలని కోరుకోవడంలో తప్పేమీ లేదు.

మేము ఈ వారం ఈ విషయం ఎత్తుకోవడానికి ఒక కారణం ఉంది. నెలాఖరుకు నాలుగు కిలోలు తగ్గామని సంబరపడేవారు, తగ్గింది ఏమిటో చూసుకోవడం లేదు. బుగ్గలు లోపలికి పోతాయి, భుజాలు జారిపోతాయి, చొక్కా వదులవుతుంది. పొట్ట మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఏడాది పొడుగునా జిమ్‌లో చెమటోడ్చి సంపాదించుకున్న కండ, ఒక్క నెలలో సగం చేజారిందని వాపోయే కుర్రాళ్లూ ఉన్నారు. ఆ భయంతో కొందరు ఈ నెలంతా వ్యాయామం జోలికే పోరు. ఈ రెండు రకాల వారికీ అక్కరకొచ్చే సంగతులు ఇటీవలి పరిశోధనల్లో చాలా ఉన్నాయి.

ముందు కాటా సంగతి చూద్దాం. కాటా మీద నిలబడితే అది మొత్తం బరువే చెబుతుంది. అందులో కొవ్వెంత, కండెంత, నీరెంత అన్నది దానికి తెలియదు. మన కాలేయంలోను, కండరాలలోను చక్కెర గ్లైకోజెన్ అనే రూపంలో నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు 3 గ్రాముల నీరు కూడా నిల్వ ఉంటుంది. తిండి తగ్గిన మొదటి రోజుల్లో ఈ నిల్వ ఖర్చయిపోతుంది, దాంతోపాటు నీరూ పోతుంది. మొదటి వారంలో కిలో, రెండు కిలోలు తగ్గామని మురిసిపోయేవారు తెలుసుకోవలసింది ఇదే. అందులో అధికభాగం నీరే. రెండు పూటలు కడుపునిండా బిర్యానీ తింటే అది తిరిగొస్తుంది.

మన దేశస్థుల విషయంలో కాటా మరీ మోసం చేస్తుంది. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో తమ ఇద్దరి ఫొటోనే ప్రచురించారు. ఎత్తుకు తగిన బరువును చూపే బి.ఎం.ఐ. ఇద్దరికీ ఒక్కటే, 22.3. చూడటానికి ఇద్దరూ సన్నని మనుషులే. కానీ పరీక్ష చేస్తే బ్రిటన్ డాక్టరు ఒంట్లో కొవ్వు 9.1 శాతం, మన పుణె డాక్టరు ఒంట్లో 21.2 శాతం! సన్నగా కనబడుతూనే కండ తక్కువ, కొవ్వు ఎక్కువ ఉండే ఈ శరీర తత్వం ఉపఖండంలో సర్వసాధారణం. భోజనం చేశాక రక్తంలో చేరిన చక్కెరను ప్రధానంగా పీల్చుకునేవి కండరాలే. అసలే తక్కువగా ఉన్న ఆ కండను కూడా బరువు తగ్గే మోజులో పోగొట్టుకుంటే మధుమేహానికి మనమే తలుపు తీసినట్టవుతుంది.

మరి రంజాన్‌లో నిజంగా తగ్గేది ఏమిటి? ఈ విషయంపై వివిధ దేశాల్లో జరిగిన 70 అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2019లో న్యూట్రియెంట్స్ పత్రికలో వచ్చింది. బరువు ఎక్కువ ఉన్నవారిలో కొవ్వు శాతం చెప్పుకోదగినంతగా తగ్గింది, మామూలు బరువు ఉన్నవారిలో అంతగా తగ్గలేదు. కొవ్వుతో పాటు కండ తదితరాలు కూడా తగ్గాయి. కొవ్వు తగ్గినంత కాకపోయినా, అందులో మూడింట రెండు వంతులకు పైగానే పోయాయి. ఈద్ అయిన రెండు నుంచి ఐదు వారాల్లో బరువు మళ్లీ యథాస్థానానికి చేరింది. ఇది ప్రత్యేకించి ఏ జాగ్రత్తా తీసుకోని మామూలు మనుషుల సంగతి. జాగ్రత్త తీసుకుంటే ఫలితం వేరుగా ఉంటుంది.

శరీరం చేసే లెక్క

కొవ్వును దాచుకోవడానికి శరీరంలో ప్రత్యేకమైన కణాలున్నాయి. మాంసకృత్తులను, అంటే ప్రొటీన్లను దాచుకోవడానికి అలాంటి గిడ్డంగి ఏదీ లేదు. తిండిలో అవి చాలనప్పుడు శరీరం కండను కరిగించి వాడుకుంటుంది. కండను పోషించడం ఖర్చుతో కూడిన పని. పనిలేని కండను తిండి తక్కువైన రోజుల్లో కూడా మేపుతూ కూర్చోవడం శరీరానికి ఇష్టం ఉండదు. బరువు ఎత్తి దానికి పని చెబుతూ, మాంసకృత్తులు సరిపడా అందిస్తూ ఉంటే మాత్రం కండను వదిలి కొవ్వు మీద పడుతుంది.

కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వారు 2016లో ప్రచురించిన ప్రయోగం దీన్ని స్పష్టంగా చూపింది. 40 మంది యువకులకు అవసరమైన కేలరీల్లో 40 శాతం కోత పెట్టి, నాలుగు వారాలపాటు వారానికి ఆరు రోజులు కఠిన వ్యాయామం చేయించారు. సగం మందికి కిలో శరీర బరువుకు 1.2 గ్రాముల మాంసకృత్తులు, మిగతా సగానికి 2.4 గ్రాములు ఇచ్చారు. మొదటివారు 3.5 కిలోల కొవ్వు తగ్గారు, వారి కండ ఉన్నంతే ఉంది. రెండోవారు 4.8 కిలోల కొవ్వు తగ్గడమే కాక, అర్ధాకలితో ఉంటూ కూడా కండ వగైరా 1.2 కిలోలు పెంచుకున్నారు.

ఉపవాసానికి దగ్గరగా ఉండే ప్రయోగాలు మరో రెండున్నాయి. 2020లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు కొందరిని మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 గంటల లోపే తినమన్నారు. ఏం తినాలో చెప్పలేదు, వ్యాయామమూ చెప్పలేదు. 12 వారాల తర్వాత క్షుణ్ణంగా పరీక్షించి చూస్తే, వారు తగ్గిన 1.7 కిలోలలో 1.1 కిలోలు కండ తదితరాలే! అదే 8 గంటల పద్ధతిని అంతకుముందు 2016లో ఇటలీలోని పాడువా పరిశోధకులు, బరువులెత్తే అలవాటున్న 34 మందిపై జరిపిన ప్రయోగంలో వాడారు. వారు వ్యాయామం మానలేదు, మాంసకృత్తులు తగ్గించలేదు. 8 వారాల్లో వారి కొవ్వు తగ్గింది, కండ చెక్కుచెదరలేదు. గంటల తరబడి కడుపు ఖాళీగా ఉంచడం వల్లనే కండ పోతుందన్న భయం ఎంత అనవసరమో దీన్నిబట్టే తెలుస్తుంది. తినే సమయంలో ఏం తిన్నామన్నదే అసలు సంగతి.

పళ్లెంలో ఏముంది?

ఈ ప్రశ్న వేస్తే మన ఇళ్లలో రంజాన్ భోజనాన్ని కాస్త నిర్మొహమాటంగా చూడవలసి వస్తుంది. ఖర్జూరంతో ఉపవాసం విరమించడం ప్రవక్త ముహమ్మద్ (స) సంప్రదాయం, బలమైన ఆహారం కూడా. ఆ తర్వాత వరుసగా వచ్చేవి ఏమిటి? రంగు షర్బత్తు, సమోసాలు, మిర్చీ బజ్జీలు, పండ్ల ముక్కలు. తరావీహ్ నమాజు తర్వాత బగారా అన్నంలోకి సాలన్. సహరీకి పాలల్లో నానేసిన ఫేణీ, లేదా రెండు ముద్దలు అన్నం పెరుగు, పైన చాయ్. కేలరీలకు కొదవలేదు. మాంసకృత్తులు మాత్రం అత్తెసరే.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థతో కలిసి భారత వైద్య పరిశోధన మండలి 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం ఆరోగ్యవంతుడికి రోజూ కిలో శరీర బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఇది మామూలుగా బతకడానికి. బరువు తగ్గుతూ కండ నిలుపుకోవాలనుకునేవారికి ఇంకా కావాలి. వ్యాయామం చేసేవారిపై జరిగిన 49 అధ్యయనాలను కలిపిచూసిన 2018 నాటి విశ్లేషణలో, కిలోకు 1.6 గ్రాముల దాకా ప్రయోజనం పెరుగుతూ వచ్చింది, ఆపైన అంతగా పెరగలేదు. 75 కిలోల మనిషికి ఇది 120 గ్రాములు. బాగా లావుగా ఉన్నవారు తమ ఇప్పటి బరువుకు కాకుండా చేరదలచిన బరువుకు లెక్క వేసుకోవచ్చు.

120 గ్రాములంటే కొండంత అని బెదిరిపోనక్కర్లేదు. సహరీలో మూడు గుడ్లు తింటే 18 గ్రాములు, గ్లాసుడు పాలు 8 గ్రాములు. హైదరాబాదీ ఇళ్లలో తరతరాలుగా ఉన్న ఖిచిడీ, ఖీమా, ఖట్టా పద్ధతి సహరీకి చాలా మంచిది. వంద గ్రాముల ఖీమాలో 20 గ్రాములు, ఖిచిడీలోని పప్పు బియ్యంలో మరో 5 గ్రాములు లభిస్తాయి. ఇఫ్తార్‌లో సమోసా స్థానంలో ఒక కప్పు ఉడికించిన శనగల గుగ్గిళ్లు పెట్టుకుంటే 15 గ్రాములు, కప్పు పెరుగు 7 గ్రాములు. రాత్రి భోజనంలో ఎముకల్లేని కోడిమాంసం 150 గ్రాములు తింటే 33 గ్రాములు, కప్పు పప్పు 7 గ్రాములు, రెండు రొట్టెలు 7 గ్రాములు. మొత్తం 120! ఇందులో కొనితెచ్చుకోవలసిన డబ్బా ఒక్కటీ లేదు. మాంసం రోజూ కొనలేని ఇళ్లలో ఇంకో రెండు గుడ్లు, ఇంకో కప్పు శనగలు, సోయా గింజల కూర ఆ లోటు తీరుస్తాయి. చిత్తూరు, నెల్లూరు వైపు మసీదుల్లో పంచే వేడి గంజి కూడా పొట్టకు హాయిగా ఉంటుంది. దాని పక్కన రెండు ఉడికించిన గుడ్లు చేరిస్తే చాలు.

హలీం గురించి చెప్పకపోతే పాఠకులు మమ్మల్ని క్షమించరు. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన మన హలీంలో మాంసం, గోధుమలు, పప్పులు ఉన్నాయి. మాంసకృత్తులు దండిగానే ఉంటాయి, నెయ్యి అంతకన్నా దండిగా ఉంటుంది. హలీం తిన్న రోజున అదే భోజనం అనుకోవాలి. దాని మీద మళ్లీ బిర్యానీ లాగించి, బరువు ఎందుకు తగ్గడం లేదని అడిగితే ఎవరు మాత్రం ఏం చెబుతారు!

సహరీని ఎగ్గొట్టి పడుకునేవారు ఉన్నారు. సహరీ మానవద్దని ప్రవక్త (స) తాకీదు చేశారన్న సంగతి అందరికీ తెలుసు. కండ లెక్కన చూసినా అది పొరపాటు బేరమే. రోజుకు కావలసిన మాంసకృత్తులన్నీ రాత్రి ఒక్క పూటలో కుక్కుకోవడం కష్టం, పైగా మరునాటి సాయంత్రం దాకా శరీరానికి కొత్త సరఫరా ఉండదు.

బరువు తగ్గించవద్దు, లెక్క తగ్గించండి

వ్యాయామం విషయంలో జిమ్ములలో ఒక దురభిప్రాయం పాతుకుపోయింది. కోత పెట్టే రోజుల్లో చిన్న చిన్న డంబెల్స్ తీసుకుని ఎక్కువసార్లు ఎత్తితే ‘కట్స్’ వస్తాయని. కండను కట్టించినది పెద్ద బరువైనప్పుడు, దాన్ని నిలబెట్టేదీ పెద్ద బరువే. తగ్గించవలసింది ఎన్ని రోజులు, ఎన్ని సెట్లు అన్న లెక్కను.

ఎంత తగ్గించవచ్చో అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో ఉన్న అలబామా విశ్వవిద్యాలయం వారు 2011లో చూపించారు. 70 మందికి 16 వారాలపాటు వారానికి మూడు రోజులు బరువుల వ్యాయామం చేయించి, తర్వాత 32 వారాలపాటు కొందరిచేత పూర్తిగా మాన్పించారు, కొందరికి మూడో వంతు, కొందరికి తొమ్మిదో వంతు ఉంచారు. తొమ్మిదో వంతు అంటే వారానికి ఒక్క రోజు, మూడు సెట్ల బదులు ఒక్క సెట్టు. ఆశ్చర్యమేమంటే 20 నుంచి 35 ఏళ్ల వయసువారికి ఆ ఒక్కటే కండ పరిమాణం నిలుపుకోవడానికి సరిపోయింది! వారికి ఆ 32 వారాలూ తిండిలో కోత లేదన్నది నిజమే. అందుకని రంజాన్‌లో వారానికి రెండు మూడు రోజులు, రోజుకు ముప్పావు గంట చేస్తే యువకులు నిశ్చింతగా ఉండవచ్చని మా అభిప్రాయం. 60 దాటిన వారి కథ వేరు. ఆ ప్రయోగంలో మూడో వంతు వ్యాయామం కూడా వారి కండను నిలపలేకపోయింది. పెద్దవారు రోజులు తగ్గించకుండా మామూలుగా చేసేది చేస్తూ ఉండటమే మంచిది.

ఎప్పుడు చేయాలి? ట్యునీషియా పరిశోధకులు 2013లో 16 మంది బాడీబిల్డర్లను రెండుగా విడదీసి రంజాన్‌లో ఒక జట్టుచేత సాయంత్రం ఉపవాసంతో, ఇంకో జట్టుచేత ఇఫ్తార్ తర్వాత చేయించారు. నెలాఖరుకు రెండు జట్ల బరువులోను, కొవ్వు శాతంలోను తేడా రాలేదు. ఉపవాసంలో చేసినవారి ఒంట్లో మాత్రం నీరు తగ్గిన గుర్తులు కనిపించాయి. కనుక ఎవరి వీలు వారిది. మనలాంటి ఉక్కపోత ప్రాంతంలో తరావీహ్ తర్వాతి సమయం మెరుగు. సాయంత్రమే చేయదలచినవారు ఇఫ్తార్‌కు గంట ముందు మొదలుపెడితే, ఆపగానే నీళ్లు అందుతాయి. తల తిరిగితే అక్కడితో ఆపేయాలి. ఉపవాసంతో ఎంత దూరం పోవచ్చో చెప్పడానికి బాస్కెట్‌బాల్ వీరుడు హకీం ఒలాజువాన్ పేరు తలుచుకోవచ్చు. 1995లో రంజాన్ ఫిబ్రవరి మొదట్లోనే వచ్చింది. ఉపవాసాలుంటూనే అమెరికా ఎన్.బి.ఏ. పోటీల్లో ఆడి, ఆ ఫిబ్రవరి నెలకు ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు.

జిమ్ ఫీజు కట్టలేనివారు దిగులుపడనక్కర్లేదు. పాతబస్తీ తాలింఖానాల్లో మన తాతలు తీసిన దండీలు, బస్కీలు ఈనాటికీ పనికొస్తాయి. ఇరవై లీటర్ల మంచినీళ్ల క్యాను నిండా నీళ్లుంటే 20 కిలోలు. దాన్ని గుండెకు హత్తుకుని బస్కీలు తీసి చూడండి, పదిహేను తీసేసరికి తెలుస్తుంది. నిక్కరమైన ఇనుప కడ్డీ ఒకటి గుమ్మానికి బిగిస్తే వీపుకు, చేతులకు వ్యాయామం దొరికినట్టే.

నిద్ర సంగతి వేరే చెప్పాలి. ఎందుకంటే రంజాన్‌లో మనం ఎక్కువగా చెడగొట్టుకునేది దాన్నే. చికాగో విశ్వవిద్యాలయం వారు 2010లో పది మందికి రెండు వారాలు తక్కువ కేలరీల తిండి పెట్టారు. ఒక విడత రోజుకు ఎనిమిదిన్నర గంటలు, ఇంకో విడత ఐదున్నర గంటలు పడకమీద ఉంచారు. తిండి ఒకటే, తగ్గిన బరువూ సుమారు మూడేసి కిలోలే. నిండుగా నిద్రపోయినప్పుడు అందులో 1.4 కిలోలు కొవ్వు. నిద్ర కోసినప్పుడు కొవ్వు 0.6 కిలోలే, మిగిలినదంతా కండ వగైరా! రాత్రంతా బజార్లలో తిరిగి, సహరీ చేసి, మూడు గంటలు పడుకుని ఆఫీసుకు పరుగెత్తేవారు ఈ అంకెలను ఒకసారి తీరిగ్గా చూడాలి. జుహర్ నమాజు తర్వాత అరగంట కునుకైనా తీసి ఆ లోటు కొంత పూడ్చుకోవచ్చు.

వంటింట్లో మిగిలేది

ఇప్పటిదాకా యువకుల మాటే అయింది. మాకు ఎక్కువ బెంగ కలిగించే వారు వేరే ఉన్నారు. మధ్యాహ్నం నుంచే పొయ్యి దగ్గర నిలబడి, ఇఫ్తార్‌లో అందరికీ వడ్డించి, చివర్న కూర్చునే తల్లులు, భార్యలు. మాంసం ముక్కలు పిల్లల పళ్లేల్లోకి, మగవారి పళ్లేల్లోకి పోగా వారికి దక్కేది అన్నమూ, సాలన్ రసమూ. సహరీకి అందరికంటే ముందు లేచి చాయ్‌తో సరిపెట్టేదీ వారే. నెలాఖరుకు వారు కూడా రెండు మూడు కిలోలు తగ్గుతారు, ‘బాగా సన్నబడ్డావు’ అని అందరూ మెచ్చుకుంటారు. వయసు ముప్ఫై దాటాక కండ ఎలాగూ మెల్లగా తగ్గుతూ పోతుంది. ఏటా ఇలా కొంత పోగొట్టుకుని, ఈద్ తర్వాత ఆ బరువును కొవ్వుగా తిరిగి పోగుచేసుకుంటూ పోతే, నలభై ఐదో ఏట మెట్లెక్కితే మోకాళ్లు పట్టేస్తున్నాయని చెప్పడంలో వింతేముంది? ఇంటి పెద్ద తన పళ్లెంలోని రెండు గుడ్లలో ఒకటి అటు జరిపితే పోయేదేమీ లేదు. బస్కీలు, నీళ్ల బిందె ఎత్తడం ఆడవారికి పనికిరావన్న మాట కూడా వట్టిదే. కండలు తేలతాయని భయపడే వారికి చెప్పేదేమంటే, మగవారు ఏళ్ల తరబడి తంటాలుపడినా అవి అంత సులువుగా తేలడం లేదు.

డబ్బాల పొడుల గురించి ఒక్క మాట. పాల విరుగుడు నీటి నుంచి తీసిన ప్రొటీన్ పొడి విషమేమీ కాదు, అమృతమూ కాదు. గుడ్లు, పప్పులతో పని జరిగేవారికి అక్కర్లేదు. భారత వైద్య పరిశోధన మండలి 2024 మే నెలలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా కండలు పెంచడానికి వాటిని వాడవద్దనే చెప్పాయి. కానీ జిమ్ములలో చాటుగా చేతులు మారే స్టెరాయిడ్ ఇంజక్షన్ల మాట వేరు. గుండెకు, కాలేయానికి, సంతాన యోగ్యతకు చేటు చేసే ఆ సూదులను ఏ కోచ్ ఇవ్వబోయినా అక్కడినుంచి లేచి వచ్చేయండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాంసకృత్తులు పెంచేముందు డాక్టరును అడగాలి. మధుమేహానికి ఇన్సులిన్ లేదా మాత్రలు వాడేవారు రంజాన్‌కు నెల, రెండు నెలల ముందే డాక్టరును కలిసి మోతాదులు, వేళలు మార్పించుకోవాలి. రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాముల కన్నా తగ్గినా, 300 దాటినా ఉపవాసం విరమించాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. వేలికి సూది గుచ్చి పరీక్షించుకుంటే రోజా భంగం కాదు. రోగులకు ధర్మం ఇచ్చిన మినహాయింపును వాడుకోవడంలో చిన్నతనం లేదు.

ఇక వేగం. నార్వేలో 2011లో 24 మంది క్రీడాకారులను రెండు జట్లుగా చేసి, ఒకరిని వారానికి శరీర బరువులో 0.7 శాతం, మరొకరిని 1.4 శాతం చొప్పున తగ్గమన్నారు. నిదానంగా తగ్గినవారి కండ పెరిగింది, తొందరపడినవారిది పెరగలేదు. 75 కిలోల మనిషికి వారానికి అరకిలో చొప్పున, నెలకు రెండు కిలోలు చాలు. అంతకు మించి తగ్గితే సంతోషించేముందు పళ్లెం చూసుకోవాలి.

కొలవడానికి కాటా కన్నా దర్జీ టేపు నమ్మకమైనది. బొడ్డు మీదుగా నడుము చుట్టుకొలత రంజాన్ మొదటి రోజున, పదిహేనో రోజున, ఈద్ ముందురోజున సహరీకి ముందే కొలిచి రాసుకోండి. మనవారిలో మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు. దానితోపాటు మీరు ఎత్తే బరువెంతో, తీసే బస్కీలెన్నో కూడా పక్కన రాయండి. నడుము తగ్గి, ఎత్తే బరువు నిలబడితే తగ్గింది కొవ్వే. నడుము అలాగే ఉండి ఎత్తే బరువు పడిపోతే, ఆ వారమే గుడ్లూ నిద్రా పెంచాలి. ఈద్ తర్వాత షవ్వాల్ నెలలో ఆరు ఉపవాసాలుండే అలవాటున్నవారు ఆ రోజుల్లోనూ ఇదే చీటీ కొనసాగించవచ్చు. షీర్ ఖుర్మా తిన్న మూడో వారంలో ఇంకోసారి టేపు పట్టి చూడటం మాత్రం మరువకండి.